ఎందుకు అని అడిగిన తెనాలి బారిస్టరు



మన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల వారికి ఒక పేరుంది. ఈ డెల్టాలో కాలవ నీళ్లు ఎంత ధారాళంగా పారుతాయో, మాటలూ అంత ధారాళంగా పారుతాయి. రచ్చబండ దగ్గర, టీకొట్టు దగ్గర, రేపల్లె వెళ్లే పాసింజరు రైలులో, ఆఖరికి దివ్యపూజ ముగిసిన తర్వాత గుడి ఆవరణలో కూడా మనవాళ్లు వాదించకుండా ఉండలేరు. వాదించడం తప్పు కాదు. అయితే ఎదుటివాని మాట పూర్తిగా విన్న తర్వాత వాదిస్తున్నామా, లేక అతడు ఊపిరి పీల్చుకునే సందు చూసి మన మాట దూరుస్తున్నామా అన్నది మనలను మనం అడుగుకోవలసిన ప్రశ్న.

ఈ వారం మీకొక మనిషి జీవితం చెప్పదలచుకున్నాను. ఆయన పునీతుడు కాడు, క్రైస్తవుడు కూడా కాడు. మత గ్రంథాలను తర్కంతో నిలదీసిన హేతువాది. కతోలిక పత్రికలో ఆయన ప్రస్తావన ఎందుకని మీలో కొందరు అనుకోవచ్చు. దయచేసి చివరివరకు చదవండి. ఆ మాత్రం ఓపికను కోరడమే ఈ వ్యాసం ఉద్దేశం కూడాను.

ఆయన పేరు త్రిపురనేని రామస్వామి చౌదరి. తెలుగువారు కవిరాజు అని పిలుచుకున్నారు. 1887 జనవరి 15న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గరి అంగలూరులో, వ్యవసాయ కుటుంబంలో పుట్టారు. చిన్ననాటి నుంచీ పద్యమంటే ప్రాణం. 1911లో బందరు వెళ్లి నోబుల్ కళాశాలలో చదివారు. అది రాబర్టు నోబుల్ అనే ఆంగ్లికన్ మిషనరీ 1843లో ప్రారంభించిన విద్యాలయం నుంచి పెరిగిన కళాశాల. బందరులో ఉండగానే అవధానాలు చేసి పండితుల మెప్పు పొందారు. అవధానమంటే మీకు తెలుసు కదా! చుట్టూ కూర్చున్నవారు తలా ఒక ప్రశ్న వేసి చిక్కులు పెడుతుంటే, ఒక్కరి మాటా జారవిడవకుండా అందరికీ సమాధానం చెప్పాలి. చెవి చురుకుగా లేనివాడు అవధాని కాలేడు.

1914లో న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండు దేశంలోని డబ్లిన్ నగరానికి వెళ్లారు. అది కతోలికుల దేశం. పరాయి పాలన కింద నలుగుతున్న దేశం కూడా. ఆయన చదువు సాగిన ఆ ఏళ్లలోనే, 1916 పాస్క సోమవారం నాడు, డబ్లిన్‌లో స్వాతంత్ర్యం కోసం తిరుగుబాటు లేచింది. ఇక్కడ మన దేశంలో అనీబిసెంటమ్మ స్వపరిపాలనోద్యమం నడుపుతుంటే, ఆ ఉద్యమాన్ని బలపరచండని ఆయన అక్కడినుంచి కృష్ణా పత్రికకు రాసి పంపారు. 1917లో బారిస్టరుగా తిరిగి వచ్చారు. కొంతకాలం బందరులో వృత్తి చేసి, తర్వాత తెనాలి వచ్చి స్థిరపడ్డారు. తన ఇంటికి సూతాశ్రమమని పేరు పెట్టుకున్నారు. సూతుడంటే నైమిశారణ్యంలో మునులకు పురాణాలు వినిపించినవాడు. పురాణాలను ప్రశ్నించే మనిషి పురాణం చెప్పేవాని పేరే తన ఇంటికి పెట్టుకోవడం గమనించదగినది.

ఇక ఆయన రచనల సంగతి. సూతపురాణం, శంబుక వధ, కురుక్షేత్ర సంగ్రామం, ఖూనీ ఆయన గ్రంథాలలో పేరుపొందినవి. వీటన్నిటిలో ఒక పోలిక కనబడుతుంది. తపస్సు చేసినందుకు ప్రాణం పోగొట్టుకున్న శంబుకుడి పక్షాన ఒక నాటకం. మునుల చేతిలో హతుడైన వేనరాజు పక్షాన మరొకటి. కురుక్షేత్రంలో ఓడిపోయినవారి పక్షాన ఇంకొకటి. కథలో ఎవరి మాట ఎవరూ వినలేదో, ఆయన వకాలతు పుచ్చుకున్నది వారికే. న్యాయస్థానంలో రెండవ పక్షం మాట వినకుండా తీర్పు చెప్పకూడదన్నది మొదటి పాఠం. ఆ పాఠాన్ని ఆయన కోర్టు గుమ్మం దాటించి సాహిత్యంలోకి తెచ్చారు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. ఇది చదివి, పరాయి మతం గ్రంథాలను ఎవరో విమర్శించారు కదా అని మనం సంతోషించరాదు. అది క్రైస్తవ హృదయం కాదు. హైందవ సోదరులకు ఆ ఇతిహాసాలు ప్రాణప్రదమైనవి. ఆయన రాతలలోని పదును ఎందరో భక్తుల మనసులను గాయపరచింది. వారు నొచ్చుకోవడంలో అన్యాయం లేదు. పైగా శంబుకుడి తరపున ఆయన వేసిన ప్రశ్నలో ఉన్నది కులం పేరిట మనిషిని తక్కువ చేయడం గురించి. ఆ ప్రశ్న మన గుడిలోకి కూడా రాగలదు. దివ్యసత్ప్రసాదాన్ని ఒకే బల్లనుంచి స్వీకరించి, ఇంటికి వెళ్లాక సంబంధం కలుపుకునే దగ్గర కులం చూసుకునే మనం, ఆ బారిస్టరు మన బైబులు తెరచి, ఇందులో ఇలా ఉంది కదా, మీరెందుకు అలా ఉన్నారని అడిగితే ఏం చెబుతాం?

సరే, కథ ముందుకు నడిపిద్దాం. 1925లో రామస్వామి గారు తెనాలి పురపాలక సంఘానికి అధ్యక్షులయ్యారు. గంగమ్మ జాతరలో జంతుబలులను నిషేధించారు. ఊరంతా అట్టుడికిపోయింది. అవిశ్వాస తీర్మానం పెట్టి ఆయనను పదవినుంచి దింపారు. ఆయన ఊరు విడిచి పోలేదు. మళ్లీ ఎన్నికలలో నిలబడి, ప్రజల ఓటుతోనే గెలిచి వచ్చి, 1938 వరకు ఆ పీఠం మీద ఉన్నారు. ఈ సంఘటనలో ఆయన ధైర్యాన్ని మెచ్చుకోవడం తేలిక. నేను తెనాలి ప్రజలను కూడా మెచ్చుకుంటాను. తమకు నచ్చని పని చేసిన మనిషిని దింపారు. దింపిన తర్వాత ఆయన మాట వినడం మానలేదు. ఆలోచించారు, మనసు మార్చుకున్నారు, మళ్లీ పిలిచారు. మనసు మార్చుకోవడం ఓటమి అనుకునేవారు ఈ ఊరి చరిత్ర ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఆయన చేసిన మరొక పని మనకు ఇంకా దగ్గరిది. పెండ్లిలో చదివే మంత్రాలు వధూవరులకు గానీ, వారి తల్లిదండ్రులకు గానీ అర్థం కావు. తాము ఏమని ప్రమాణం చేస్తున్నారో తెలియకుండానే జీవితాంతానికి కట్టుబడుతున్నారు. ఇది తగదని ఆయన అచ్చ తెలుగులో వివాహవిధి అనే పద్ధతిని కూర్చారు. స్వయంగా ఎన్నో పెండ్లిళ్లు ఆ విధంగా జరిపించారు. ఆ రోజులలో అది చాలామందికి అపచారంగా తోచింది.

ఇప్పుడు మన సంగతి చూడండి. ఆ కాలంలో మన గుడులలో దివ్యపూజ ఏ భాషలో జరిగేది? లత్తీనులో. మన అమ్మమ్మలు జపమాల చెప్పుకుంటూ, గంట మోగినప్పుడు తల వంచుతూ, అర్థం తెలియకపోయినా అపారమైన భక్తితో పాల్గొనేవారు. వారి భక్తిని చిన్నచూపు చూడరాదు. అయితే 1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ దైవారాధన గురించిన తన శాసనాన్ని వెలువరించి, ప్రజల భాషలకు తలుపు తెరిచింది. విశ్వాసులు తెలిసి, మనసారా పాల్గొనాలన్నదే అందులోని ఆశయం. ఈనాడు మన పిల్లలు తెలుగులో వివాహ ప్రమాణం చేస్తున్నారు, దాని అర్థం తెలిసి చేస్తున్నారు. తెనాలి హేతువాది మన శ్రీసభకు ఏమీ నేర్పలేదు. మహాసభ తండ్రులకు ఆయన పేరు కూడా తెలిసి ఉండదు. కాని ఆయన కన్నుమూసిన 20 ఏళ్లకు, ఆయన ఒకవైపునుంచి చూసిన సత్యాన్ని శ్రీసభ తన ప్రార్థనలో, తన మార్గంలో చూసింది. మనతో ఏకీభవించని మనిషి చేతిలో కూడా సత్యపు ముక్క ఒకటి ఉండవచ్చు. అతడిని తరిమివేస్తే ఆ ముక్క కూడా పోతుంది.

రామస్వామి గారు 1943 జనవరి 16న పరమపదించారు. అప్పటికి మన గుంటూరు మేత్రాసనం ఏర్పడి మూడేళ్లు కూడా నిండలేదు. 1940లోనే అది పుట్టింది. అయితే ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే భాగం ఆయన మరణం తర్వాత జరిగింది. అది ఆయన కుమారుడి కథ.

కుమారుడు త్రిపురనేని గోపీచంద్ 1910లో పుట్టారు. గొప్ప కథకుడు, నవలాకారుడు, కొన్ని చలనచిత్రాలకు దర్శకుడు. అసమర్థుని జీవయాత్ర అనే తన నవలను తండ్రికి అంకితమిస్తూ, ఎందుకు అని అడగడం నేర్పినందుకు కృతజ్ఞత చెప్పుకున్నారు. తండ్రి ఇచ్చిన ఆస్తి ఆ ఒక్క మాటే అన్నట్టు. ఆ మాటను వెంటబెట్టుకుని ఆయన ఎక్కడెక్కడికో ప్రయాణం చేశారు. మొదట తండ్రి హేతువాదంలో నడిచారు. తర్వాత ఎం.ఎన్. రాయ్ భావాలకు ఆకర్షితులై ఆ ఉద్యమంలో పని చేశారు. చివరి దశలో అరవిందుల ఆధ్యాత్మిక చింతన వైపు మొగ్గారు. 1962లో మరణించారు. మరుసటి ఏడాది ఆయన నవల పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామాకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

ఇందులోని అర్థం ఆలోచించండి. తండ్రి నేర్పిన ప్రశ్నను కుమారుడు తండ్రి అభిప్రాయాల మీద కూడా ప్రయోగించారు. ఆ దారి ఆయనను తండ్రి ఎన్నడూ అడుగుపెట్టని చోటికి చేర్చింది. అయినా ఆయన తండ్రిని నిరాకరించలేదు. తన ప్రతి అడుగుకూ మూలం ఆయనేనని ఒప్పుకున్నారు. తండ్రి కూడా చేతిలో ప్రశ్న పెట్టినప్పుడు, నా జవాబే నీ జవాబు కావాలని షరతు పెట్టలేదు.

తల్లిదండ్రులారా, ఇప్పుడు మన ఇళ్లలోకి వద్దాం. మీ అబ్బాయి ఇంజనీరింగు చదువుకు పట్నం వెళ్లి, సెలవులకు వచ్చి, ఆదివారం గుడికి రానంటాడు. దేవుడున్నాడని ఎలా నమ్మమంటారని అడుగుతాడు. లేదా మీ అమ్మాయి వేరే సంఘం ప్రార్థనలకు వెళుతూ, మన జపమాల గురించి, పునీతుల స్వరూపాల గురించి గట్టిగా నిలదీస్తుంది. మనం సాధారణంగా చేసేదేమిటి? నాన్న కేకలేస్తారు. అమ్మ కన్నీళ్లు పెట్టుకుంటుంది. మామయ్య, ఈ కాలం పిల్లలింతే అని పెదవి విరుస్తాడు. పిల్లవాడి ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబు చెప్పరు. పిల్లవాడు మరుసటి సెలవులకు అడగడం మానేస్తాడు. సమస్య తీరిపోయిందని మనమనుకుంటాం. అతడు మనతో మాట్లాడడం మానేశాడు, అంతే.

ఇలా వింటే మన విశ్వాసం సడలిపోదా అని కొందరు పెద్దలు అడుగుతారు. ఆ భయం నాకర్థమవుతుంది. దానికి శ్రీసభ చరిత్రే జవాబు చెబుతుంది. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివినప్పుడు మాకు పునీత థామస్ అక్వీనాస్ గారి పద్ధతి నేర్పారు. ఆయన ఏ విషయం ఎత్తుకున్నా, ముందుగా తనకు వ్యతిరేకమైన వాదనలనే వరుసగా పెడతారు. దేవుడున్నాడా అన్న ప్రశ్న దగ్గర కూడా లేడనేవారి మాటనే మొదట చెబుతారు. అదీ ఎగతాళిగా కాదు, ఎదుటివాడు తానే చెప్పుకున్నట్టు బలంగా చెబుతారు. ఆ తర్వాతే తన సమాధానం. 13వ శతాబ్దంలోనే అలా రాయడానికి ఆయన భయపడలేదు. సత్యం దేవునిదైతే ప్రశ్నకు అది బెదరదని ఆయన నమ్మకం.

మరొక ఉదాహరణ వినండి. ఒకరిని పునీతులుగా ప్రకటించే ముందు, వారికి వ్యతిరేకంగా చెప్పగలిగినదంతా చెప్పడానికి శ్రీసభ ఒక అధికారిని నియమించేది. 1587లో జగద్గురువు ఐదవ సిక్స్టస్ గారు ఆ పదవిని స్థిరపరచారు. 1983లో రెండవ జాన్ పాల్ జగద్గురువులు ఆ విధానాన్ని మార్చేవరకు, దాదాపు 400 ఏళ్లు, అది సాగింది. లోకం దానికి సైతాను వకీలు అని వేళాకోళపు పేరు పెట్టింది. పునీతుల విషయంలోనే ఎదుటి పక్షానికి వకీలును పెట్టిన తల్లి శ్రీసభ. మన ఇంటి తగాదాలలో, విచారణ సంఘం సమావేశాలలో మనం ఆ పాటి అవకాశం ఇవ్వలేమా?

1964లో జగద్గురువు ఆరవ పౌలు గారు తమ మొదటి విశ్వలేఖలో సంభాషణను గురించే విస్తారంగా బోధించారు. 1965 డిసెంబరు 7న మహాసభ, నేటి ప్రపంచంలో శ్రీసభ గురించిన పత్రంలో, ఇంకా కష్టమైన మాట చెప్పింది. నాస్తికత పుట్టడంలో విశ్వాసులకు కూడా కొంత బాధ్యత ఉండవచ్చునని ఒప్పుకుంది. మనం విశ్వాసాన్ని సరిగా నేర్చుకోకపోవడం, తప్పుగా చెప్పడం, నమ్మినట్టు జీవించకపోవడం వలన దేవుని ముఖం ఇతరులకు కనబడకుండా పోతుందని హెచ్చరించింది. కనుక నాస్తికుడు ఎదురైనప్పుడు మొదట అతడి తప్పు లెక్కపెట్టడం కాదు, అతడికి దేవుని ముఖం కనబడకుండా అడ్డు నిలిచింది నేనేనా అని అడుగుకోవాలి.

అయితే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఎదుటివాని మాట వినడమంటే అన్నీ ఒకటేనని తలూపడం కాదు. మన విశ్వాస సంగ్రహం మనకుంది. దానిని ఆదివారం నిలబడి చెబుతాం, అవసరమైతే దానికోసం ప్రాణమిచ్చిన వేదసాక్షుల బిడ్డలం. రామస్వామి గారు దేనినీ చదవకుండా విమర్శించలేదు. తాను కాదన్న ఇతిహాసాలను పండితులతో సమానంగా చదివారు. అలాగే మనం కూడా కాదనేముందు తెలుసుకోవాలి. ఎదుటివాని మాటను తిరిగి అతడికే చెప్పి చూడండి. అవును, నేనన్నది అదే అని అతడు ఒప్పుకున్నాకే మీ జవాబు మొదలుపెట్టండి. అది ఇంట్లో చేయదగిన చిన్న తపస్సు. తపస్కాలంలో మాంసం మానడం కంటే కష్టమైనది.

ఇదే పద్ధతి ఊరి వ్యవహారాలకూ పనికివస్తుంది. 1913లో మన బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. ప్రత్యేక రాష్ట్రం కావాలన్న విషయంపై అందరి మనసులూ కలవలేదు. సంఖ్యాబలంతో తీర్మానం నెగ్గించుకోకుండా, ప్రజల అభిప్రాయం కూడగట్టడానికి సమయం తీసుకున్నారు. మరుసటి ఏడాది విజయవాడ సభలో తీర్మానం చేశారు. గుడి పండుగ ఖర్చు గురించో, శ్మశానం గోడ గురించో విచారణ రెండుగా చీలిపోయినప్పుడు, ఒక నెల ఆగితే గుడి కూలిపోదు. ఆగకపోతే ఒక్కోసారి సంఘం కూలిపోతుంది.

మన ప్రభువు ఎలా ఉండేవారు? 12 ఏళ్ల వయసులో దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వారి మాటలు వింటూ, ప్రశ్నలడుగుతూ తల్లిదండ్రులకు కనబడ్డారు. ఎమ్మావు దారిలో నిరాశతో నడుస్తున్న ఇద్దరు శిష్యులను ముందు మాట్లాడనిచ్చారు. అన్యజాతి తల్లి తన కుమార్తె కోసం ఎదురు మాట చెబితే కోపగించలేదు, ఆమె విశ్వాసాన్ని మెచ్చుకుని కోరినది ఇచ్చారు.

ఇక మన భారతదేశపు అపోస్తలుడు పునీత తోమా గారి సంగతి. ప్రభువు పునరుత్థానుడయ్యాడని తోటి అపోస్తలులందరూ చెప్పినా ఆయన నమ్మలేదు. గాయాలు తాకితే గాని నమ్మనన్నారు. మనం ఎప్పుడూ ఆయన సందేహాన్ని గురించే ప్రసంగిస్తాం. మిగిలిన పదిమంది గురించి ఆలోచించం. తమ కంటితో చూసిన దానిని కాదన్న మనిషిని వారు వెళ్లగొట్టలేదు. ఎనిమిది రోజుల తర్వాత కూడా ఆయన వారితో ఆ గదిలోనే ఉన్నారు. గదిలో ఉన్నందుననే ప్రభువు వచ్చినప్పుడు ఆయనకు దొరికారు. తోమాను ఒప్పించింది ఆ పదిమంది వాదన కాదు, ప్రభువే. వారు చేసిన పని తలుపు మూసి ఆయనను బయట పెట్టకపోవడం.

1980లలో హైదరాబాదు ట్యాంకుబండు మీద తెలుగు ప్రముఖుల విగ్రహాలు నెలకొల్పినప్పుడు, భారతాన్ని తెలుగు చేసిన నన్నయ, తిక్కనల వరుసలోనే, భారతాన్ని నిలదీసిన త్రిపురనేని రామస్వామి గారిని కూడా నిలబెట్టారు. క్రీస్తు చరిత్ర రాసిన మన గుర్రం జాషువా గారు కూడా అదే వరుసలో ఉన్నారు. ఒక జాతి తన పెద్దలనందరినీ ఒకే గట్టు మీద నిలపగలిగితే, ఒక కుటుంబం తన పిల్లలనందరినీ ఒకే భోజనపు బల్ల చుట్టూ కూర్చోబెట్టుకోలేదా?

ఈ ఆదివారం పూజ తర్వాత, మీ ఇంట్లో మీతో ఏకీభవించనివారి పక్కన ఒక అరగంట కూర్చోండి. బోధించవద్దు, అడగండి. జవాబు దొరకని ప్రశ్న వస్తే మీ విచారణ గురువుల దగ్గరకు తీసుకురండి. వారికీ వెంటనే తోచకపోతే ఇద్దరూ కలిసి వెదకండి. తోమా గారికి గాయాలు చూపిన ప్రభువు మన పిల్లలకు కూడా తనను తాను చూపుకొనును గాక. ఆయన వచ్చేవరకు వారు మన గదిలోనే ఉందురు గాక.